పదిహేడో నంబరు రాసిన కాగితం

గోడ మీద ముప్ఫై కాగితాలు ఉండాలి. ముప్ఫై ఒకటి ఉన్నాయి. నాలుగో తరగతి టీచరు వేలు పెట్టి మూడుసార్లు లెక్కపెట్టింది. కింది వరుసలో, కిటికీ పక్కన, తను అంటించని కాగితం ఒకటి ఉంది. పై మూలలో పేరుకు బదులు హాజరు నంబరు. పదిహేడు.

పదిహేడో నంబరు పిల్ల చనిపోయి ఏడాది దాటింది.

బడి వెనక మెట్ల కింద నేలలో కట్టిన నీళ్ళ సంపు ఉంది. అందులో పడి పోయింది. ఫైల్లో ఉన్న కథ వేరు. బడి వదిలాక పిల్ల అందరితోపాటు గేటు దాటి వెళ్ళిందట, తర్వాత గోడ దూకి లోపలికి వచ్చిందట, మూత తనే లాగిందట, తనే పడిందట. బడి తప్పు వెంట్రుకంత కూడా లేదట. పిల్ల గేటు దాటడం కళ్ళారా చూశానని సాక్ష్యం రాసి సంతకం పెట్టింది ఈ టీచరే. అప్పుడామె మూడో తరగతికి చెప్పేది. పిల్లలు నాలుగుకి వస్తే ఆమె కూడా వాళ్ళతోపాటు వచ్చింది. పిల్లలకు ఆ సాక్ష్యం సంగతి తెలియదు. గోడ మాత్రం అన్నీ తెలిసినట్టు చూస్తోంది.

రోజూ ఉదయం పిల్లలు వరుసలో నిలబడి ఎవరి నంబరు వాళ్ళు చెప్తారు. పదహారు అంటాడొకడు. తర్వాత ఒక ఊపిరి తీసేంత ఖాళీ. అప్పుడు పద్దెనిమిది. ఆ ఖాళీ వదలమని ఎవరూ చెప్పలేదు. టీచరు రెండుసార్లు కొత్త నంబర్లు వేసి చూసింది. పిల్లలు బుద్ధిగా తలలూపి మర్నాడు పాత నంబర్లే చెప్పారు. ఆ ఒక్క ఊపిరి కోసం ఆమె ఏడాదిగా రోజూ చెవులు మూసుకోవాలనుకుంటోంది. హాజరు తీసుకునే టీచరు చెవులెలా మూసుకుంటుంది?

ఈ ఏడు ఆమె పిల్లలకు పట్టుబట్టి నేర్పుతున్నది కథలూ కాదు, పాటలూ కాదు. తెలిసిన సంగతిని తెలియనివాళ్ళకు తెలిసేలా రాయడం. చీమ గురించి, తాళం కప్ప గురించి, సబ్బు ఎలా అరుగుతుందో దాని గురించి. పద్ధతి చాలా తేలిక. కాగితాన్ని నిలువుగా మధ్యకి మడవాలి. ఎడమవైపు ఒక వాక్యం. కుడివైపు దానికి ఎదురుగా ఒకే ప్రశ్నకి జవాబు: నీకెలా తెలుసు? చూశాను, కొలిచాను, అడిగాను, చదివాను, ఇలా ఏం చేసి తెలుసుకున్నావో అది రాయాలి. 'అందరూ అంటారు' చెల్లదు. 'అనుకున్నాను' అసలే చెల్లదు.

మొదటి నెలంతా నవ్వులే. మన తరగతిలో మూడు ఫ్యాన్లు ఉన్నాయి, రెండు తిరుగుతాయి, మూడోది తిరగాలా వద్దా అని ఆలోచిస్తుంది అని రాశాడొకడు. ఫ్యాను ఆలోచిస్తోందని నీకెలా తెలుసురా అంటే, గంటసేపు చూశానన్నాడు. ఇంకో పిల్ల 'మన పెద్దసారు చాలా మంచివారు' అని రాసి, ఎదురుగా 'పెద్దసారే చెప్పారు' అని రాసింది. ఆ కాగితాన్ని టీచరు గోడకెక్కించలేదు. ఇంటికి తీసుకెళ్ళి దాచుకుంది.

ఇంత పట్టుదల ఎందుకో ఆమెను అడిగేవాళ్ళు లేరు. చూడనిది చూశానని రాసిన చెయ్యి, ఇంకో ముప్ఫై చేతులు ఆ పని చెయ్యకుండా ఆపాలని చూస్తోంది. దాన్ని పశ్చాత్తాపం అంటే పెద్దమాట అవుతుంది. దురద అనండి.

ఇప్పుడా కాగితం. నెలాఖరు శనివారం మధ్యాహ్నం తల్లిదండ్రులు వచ్చి గోడ చూసుకునే రోజు. ఉదయం తొమ్మిదైంది. తరగతి ఇంకా ఖాళీగా ఉంది. టీచరు చదివింది.

మన బడి సంపు గురించి, అని శీర్షిక. దాని కింద వాక్యాలు, ఎదురుగా జవాబులు.

మన బడిలో ఒక సంపు ఉంది. చూశాను.

అది మెట్ల కింద ఉంది. చూశాను.

దాని లోతు నా ఎత్తుకి రెండింతలు. కొలిచాను.

ఇప్పుడు ఇనప మూత ఉంది. అప్పుడు చెక్క మూత ఉండేది. చెక్క మూతకి తాళం లేదు. చూశాను.

చెక్క ఒక మూల మెత్తగా ఉండేది. తొక్కాను.

ఆటల పీరియడప్పుడు అందులో నీళ్ళు నా గడ్డం దాకా ఉంటాయి. నిలబడ్డాను.

లోపల్నుంచి పిలిస్తే పైకి వినిపిస్తుంది. పిలిచాను.

రోజూ నాలుగున్నరకి పంపు నీళ్ళు వదులుతారు. అప్పుడు సంపు నిండిపోతుంది. చూశాను.

ఆఖరున ఇంకో రెండు వాక్యాలున్నాయి. నా స్నేహితురాలు వెళ్ళి టీచరుకి చెప్పింది. టీచరు రాసి పట్టుకురమ్మన్నారు. వాటికి ఎదురుగా ఏమీ లేదు. ఖాళీ.

టీచరుకు ముందు భయమేసింది చేతిరాత చూసి. అది పదిహేడు రాతే. తలకట్టు ఎగిరిపోతున్న పిట్టలా కుడివైపుకి లాగి పెట్టే అలవాటు తరగతి మొత్తంలో ఆ పిల్లకే ఉండేది. కిటికీలోంచి మెట్ల వైపు చూడకూడదనుకుంటూనే చూసింది. ఇనప మూత మీద ఎండ పడుతోంది. తర్వాత కాగితం వెనక్కి తిప్పి వేలితో తడిమింది. పెన్సిల్ ఒత్తుకి అక్షరాలు వెనక వైపుకి ఉబ్బి ఉన్నాయి. అంత గట్టిగా ఒత్తి రాసేది ఒక్కతే. పద్దెనిమిది.

పద్దెనిమిదిని పిల్లలు తాబేలు అంటారు. ఆ పిల్లకి కోపం రాదు. మాట నోట్లోంచి బయటికి రావాలంటే టైము కావాలి. రాయాలంటే అంతకు రెండింతలు కావాలి. పదిహేడు పక్కన కూర్చునేది. అక్షరాలు దిద్దబెట్టింది కూడా పదిహేడే.

ఆటల పీరియడులో పిల్లలందరూ బయటికి వెళ్ళాక టీచరు తాబేలుని ఉండమంది. తలుపు దగ్గరగా వేసింది. ఆ పిల్ల బెంచీ చివర, పక్కన ఇంకొకరికి చోటు వదిలి కూర్చుంది. ఏడాదిగా అలాగే కూర్చుంటోంది.

"ఇది నువ్వు రాశావా?"

తల అడ్డంగా ఊపింది. "పదిహేడు రాసింది."

"పెన్సిల్ పట్టుకుందెవరు?"

"నేను."

"మరి నీ నంబరు వెయ్యాలి కదమ్మా."

చాలాసేపు పట్టింది జవాబుకి. తెలిసినవాళ్ళే రాయాలని టీచరే కదా చెప్పారు, సంపు గురించి దానికే తెలుసు అంది. తర్వాత ఇంకో మాట కలిపింది. "నేను పైన ఉన్నాను."

మిగతాదంతా ఆ పిల్ల ముక్కలు ముక్కలుగా, ఒక్కొక్క మాట ఏరి పెట్టినట్టు చెప్పింది. తాడాట ఆడుతుంటే తాడు పిడి ఊడి మెట్ల కిందికి దొర్లింది. పదిహేడు తేవడానికి వెళ్ళింది. చెక్క విరిగింది. లోపల్నుంచి ఏడవలేదట. టీచర్ని పిలుచుకు రా అని మామూలుగా చెప్పిందట, నీళ్ళు చల్లగా ఉన్నాయే అని కూడా అందట. తాబేలు పరిగెత్తింది. తరగతిలో టీచరు తల వంచుకుని రిజిస్టరు రాస్తోంది.

తర్వాత ఏమైందో ఆ పిల్ల చెప్పక్కర్లేదు. ఎందుకంటే ఆ రోజుల్లో టీచరుకు ఒక నియమం ఉండేది. పిల్లలు నిమిషానికో చాడీ మోసుకొచ్చేవాళ్ళు. వాడు గిల్లాడు, ఇది నాలుక చాపింది, నా రబ్బరు పోయింది. పని సాగేది కాదు. అందుకని, ఏదైనా నోటితో చెప్పకూడదు, కూర్చుని రాసి పట్టుకురావాలి అని పెట్టింది. వారంలో చాడీలు సగానికి సగం పడిపోయాయి. రాయడం కూడా వస్తుందని టీచర్ల మీటింగులో పెద్దసారు అందరిచేతా చప్పట్లు కొట్టించారు. నోరు తిరగని తాబేలుకి ఇది మంచిదని టీచరు అప్పట్లో అనుకుంది కూడా.

ఆ రోజు ఆ పిల్ల వచ్చిందా? తను ఆ మాట అందా? టీచరు ఎంత తవ్వుకున్నా గుర్తు రాలేదు. ఆ పిల్ల ముఖం గుర్తు రాలేదు, గొంతు గుర్తు రాలేదు. రోజుకి ఇరవైసార్లు అనే మాటని మనిషి గుర్తుపెట్టుకోడు. అన్నదానికి గుర్తులేదు, విన్నదానికి అక్షరం పొల్లుపోలేదు.

ఆమె వేలితో కాగితం మీది ఖాళీ చూపించింది. ఇక్కడెందుకు ఏమీ రాయలేదని అడిగింది.

"దానికెలా తెలుస్తుంది టీచర్?" అంది తాబేలు. "నేను వెనక్కి వెళ్ళి చెప్పలేదుగా. రాస్తూ కూర్చున్నాను."

ఆయా తలుపు తోసి, పెద్దసారు పిలుస్తున్నారని చెప్పింది.

పెద్దసారు గది బడి మొత్తంలో చల్లటి గది. బల్ల మీద అద్దం, అద్దం కింద పాత గ్రూపు ఫొటోలు, వెనక బీరువా. ఆయన ఎర్ర పెన్సిలు చెక్కుకుంటున్నారు. పొట్టు అద్దం మీద రాలుతోంది. కూర్చోమన్నారు. గోడ చూశాను, బాగుంది అన్నారు. ఒక్కటి తప్ప అన్నారు. మూడింటికి జనం వచ్చేలోపు అది అక్కడ ఉండకూడదు.

ఒక్కటే తీస్తే పిల్లలు అడుగుతారని టీచరు నసిగింది.

"అడగడం నేర్పిందెవరు? నువ్వు కాదూ? పొద్దున రెండో తరగతి వెధవొకడు నన్ను పట్టుకుని, సోమవారం సెలవని మీకెలా తెలుసు సార్ అంటాడు." ఆయన నవ్వారు. ఆమె నవ్వలేదు. ఆయన పెన్సిల్ పక్కన పెట్టి గొంతు తగ్గించారు. "చూడమ్మాయ్, నువ్వు నా కూతురిలాంటిదానివి. ఆ రోజు నువ్వు పావు తక్కువ నాలుగుకే బస్సుకి వెళ్ళిపోయావ్. పర్మిషన్ ఇచ్చింది నేను. గేటు దగ్గర నువ్వు లేవు. అయినా చూశానని రాశావ్. నేను మర్చిపోయాను. నువ్వూ మర్చిపో."

రాయమన్నది ఎవరో ఆయన అనలేదు. ఆమె కూడా అనలేదు. మేలు చేసినట్టు మాట్లాడేవాడు మెడ మీద కాలుపెట్టాడని తెలుసుకోవడానికి చదువుకున్నవాళ్ళకే ఎక్కువ కాలం పడుతుంది.

తర్వాత అసలు పని చెప్పారు. తాబేలు తండ్రికి ఒక ఉత్తరం. మీ పిల్లకి మతి నిలకడగా లేదు, చనిపోయిన పిల్ల నంబరుతో రాతలు రాస్తోంది, మిగతా పిల్లలు భయపడుతున్నారు, వైద్యం చేయించి వేరే బడిలో వేసుకోండి. నాలుగు ముక్కలు చాలు. రాయడం నీకు బాగా వచ్చు కదా అన్నారు. సోమవారం సెలవు కాబట్టి ఈ రోజే ఇచ్చేద్దామన్నారు.

టీచరు తరగతికి వచ్చి తెల్లకాగితం తీసింది. చేతులు వాటంతటవే కాగితాన్ని నిలువుగా మడిచాయి. ఎడమవైపు రాసింది: మీ పిల్లకి మతి నిలకడగా లేదు. కుడివైపు పెన్సిల్ ఆగింది. చూశాను అని రాయలేదు. అడిగాను అని రాయలేదు. ఆ రెండో సగం తెల్లగా ఆమె ముఖంలోకి చూస్తూ ఉంది. మధ్యాహ్నం అన్నం ముట్టలేదు. ఉత్తరం పూర్తి చెయ్యలేదు, గోడ మీది కాగితం తియ్యలేదు. ధైర్యం వచ్చిందనుకోకండి. కాళ్ళు కదల్లేదు, అంతే. పని చెయ్యకుండా కూర్చుంటే పని దానంతట అదే తప్పుకుంటుందని అనుకునే రకం ఆమె. మనలో చాలామందిలాగే.

మూడయింది. తల్లులొచ్చారు, ఇద్దరు ముగ్గురు తండ్రులొచ్చారు. గది నిండా చెప్పుల చప్పుడు, మా వాడిదేది, మా దానిదేది అని వెతుకులాట. ఫ్యాను గురించి చదివి ఒక తండ్రి పైకి చూసి పకపకా నవ్వాడు. పెద్దసారు చేతులు వెనక్కి కట్టుకుని, కిటికీ పక్కన సరిగ్గా ఆ కాగితానికి అడ్డంగా నిలబడ్డారు. తాబేలు బెంచీ చివర కూర్చుని ఉంది. వాళ్ళ నాన్న ఇంకా రాలేదు.

అప్పుడు వచ్చిందొకావిడ. రెడీమేడ్ బట్టల కంపెనీలో కాలర్లు కుట్టే పని. పని మధ్యలో లేచి వచ్చినట్టుంది, జాకెట్టు చేతుల మీద దారం ముక్కలు అంటుకుని ఉన్నాయి. ఆవిడ పదిహేడు తల్లి. ఏడాదిలో ఈ గడప తొక్కలేదు. కూతురు ఫొటో ముందు కూర్చుని, గోడెందుకు దూకావే, ఎవరు దూకమన్నారే అని తిట్టుకుంటూ ఏడుస్తుందని వీధిలో అందరికీ తెలుసు. చచ్చిన బిడ్డ మీద కోపం కూడా మిగిల్చారు ఆవిడకి.

"మా అమ్మాయి కాగితం ఉందట కదా టీచరుగారూ," అంది. "పిల్లలు చెప్పారు. అందరూ వాళ్ళ పిల్లలవి చూసుకుంటున్నారు. నాకూ చూపించండి."

పెద్దసారు ముందుకొచ్చారు. పిల్లలు ఆటకి రాసిందమ్మా, పట్టించుకోకు, పద నా గదిలో కూర్చుని టీ తాగుదువుగాని అన్నారు. ఆయన పక్కకి జరగ్గానే కాగితం కనిపించింది. ఆవిడ దాని దగ్గరికి వెళ్ళి వేలితో నంబరు తడిమింది. అంకెలొచ్చు. అక్షరాలు రావు.

"చదివి పెట్టండి," అంది టీచరుతో.

టీచరు చదవడం మొదలుపెట్టింది. ఎడమ వాక్యం, కుడి జవాబు. సంపు ఉంది, చూశాను. మెట్ల కింద, చూశాను. నా ఎత్తుకి రెండింతలు, కొలిచాను. ఆవిడ తలూపుతూ వింది, పిల్ల పాఠం అప్పజెప్తుంటే విన్నట్టు. చెక్క ఒక మూల మెత్తగా ఉండేది, తొక్కాను, అనే దగ్గర చెయ్యి అడ్డం పెట్టింది.

"ఉండండి. అయితే అది గోడ దూకలేదా?"

ఇప్పుడైనా తప్పుకోవచ్చు. పిల్లలు ఊహించి రాశారమ్మా అంటే చాలు. పెద్దసారు గొంతు సవరించుకున్నారు. ఆ గదిలో చదువు రాని మనిషి ఒక్కతే. ఆవిడకి ఏది చదివి వినిపిస్తే అదే నిజం. ఏడాది కిందటా అంతే జరిగింది.

"దూకలేదు," అంది టీచరు.

"గేటు దాటడం మీరు చూశారన్నారు కదా."

"చూడలేదు. అప్పుడు నేను బడిలోనే లేను. చూశానని రాసి సంతకం పెట్టాను."

ఆ తల్లి అరవలేదు. పెదవులు మాత్రం ఆడాయి, దూకలేదట, దూకలేదట అని తనలో తనే రెండుసార్లు అనుకుంది. ఇంకా ఉందా అని అడిగింది. టీచరు చదివింది. గడ్డం దాకా నీళ్ళు. పిలిస్తే వినిపిస్తుంది. నాలుగున్నరకి నిండిపోతుంది. ఆఖరి రెండు వాక్యాల దగ్గరికి వచ్చింది. అక్కడ ఆపేసినా అడిగేవాళ్ళు లేరు. చదివింది. నా స్నేహితురాలు వెళ్ళి టీచరుకి చెప్పింది. టీచరు రాసి పట్టుకురమ్మన్నారు.

"ఏ టీచరు?"

"ఆవిడకి ట్రాన్స్‌ఫర్ అయిపోయిందమ్మా," అన్నారు పెద్దసారు వెంటనే.

"నేనే," అంది టీచరు.

తల్లి ఆమె ముఖంలోకి చాలాసేపు చూసింది. కొడుతుందనుకున్నారు అందరూ. టీచరు కూడా అనుకుంది, కొడితే బాగుండుననుకుంది. ఆవిడ కొట్టలేదు. బెంచీ దగ్గరికి వెళ్ళి తాబేలు ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. ఆ పిల్ల గడ్డం పట్టుకుని, రాశావా తల్లీ అని అడిగింది.

తాబేలు తలూపింది.

"రాసి ఎవరికిచ్చావ్?"

టీచరు ఉలిక్కిపడింది. పొద్దుట్నుంచి ఈ ప్రశ్న ఆమెకు తట్టలేదు. తన తప్పు దగ్గరే తిరుగుతూ ఉండిపోయింది.

తాబేలు నోరు తెరిచింది. మాట రావడానికి టైము పట్టింది. ఈసారి తొందరపెట్టినవాళ్ళు లేరు.

"టీచర్ వెళ్ళిపోయారు. ఇంటి గంట ఇంకా కొట్టలేదు. పెద్దసారుకి ఇచ్చాను. చదివి జేబులో పెట్టుకున్నారు. వెళ్ళి వరుసలో నిలబడమన్నారు." ఊపిరి పీల్చుకుంది. "అప్పటికి అది ఇంకా పిలుస్తూనే ఉంది."

అందరి తలలూ ఒక్కసారిగా కిటికీ వైపు తిరిగాయి. అక్కడ పెద్దసారు లేరు. గోడ పక్కనుంచి తలుపు దాకా జరిగిపోయారు. చెయ్యి గడియ మీద ఉంది.

ఆ తల్లి లేచి, తొందరేమీ లేకుండా నడిచి వెళ్ళి, ఆయన చేతిని గడియ మీంచి తీసేసి, తలుపుకి గొళ్ళెం పెట్టింది.